ప్రింటర్ పేరుతో వచ్చినవాడు

"పాస్‌వర్డ్ నీదే. ఫోన్ నీదే. 'అవును' అని నొక్కిన వేలూ నీదే. మరి ఇంకెవరు మార్చారమ్మా, గాలా?"

సైబర్ క్రైమ్ పోలీసు ఆఫీసరు కాగితాల కట్టను బల్ల మీద టపీమని కొట్టి అడిగాడు. ఎదురుగా కూర్చున్న ల్యాబ్ సూపర్వైజర్ తెల్లకోటు అంచును వేళ్ళకు చుట్టుకుంటూ తల వంచుకుంది. ఆసుపత్రి మూడో అంతస్తులో విరిగిన కుర్చీలు పడేసే గదిని ఆయన విచారణ గదిగా మార్చుకున్నాడు. ఆ గదిలో కిటికీ తెరవాలన్నా ఆయన అనుమతి కావాలన్నట్టుంది వ్యవహారం.

మా వదిన గుమ్మంలో నిలబడి కాసేపు విన్నది. తర్వాత నావైపు తిరిగింది.

"మరిదీ, ముందు ఆవిడకి మంచినీళ్ళు ఇవ్వు."

ఆఫీసరు తలెత్తి చూశాడు. "ఓహో, వచ్చేశారా మేడమ్? యాజమాన్యం మిమ్మల్ని కూడా పిలిపించిందని విన్నాను. కేసు తేలిపోయాక వచ్చారు, పాపం."

"తేలిందో మునిగిందో చూసిపోదామని వచ్చానండీ," అంది వదిన కుర్చీ లాక్కుంటూ.

ఆమె మా అన్నయ్య భార్య. చాలా ఏళ్ళు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, ఒకనాడు తన కాలేజీ పరీక్ష పేపర్లనే దొంగిలించినవాణ్ణి పట్టుకుని, ఆ రుచి మరిగి ఉద్యోగం మానేసింది. కంప్యూటర్లలోకి చొరబడే దొంగల్ని పట్టడమే ఇప్పుడు ఆమె వృత్తి. నేను ప్లీడర్ని. వాంగ్మూలాలు రాయడం, చట్టం చెప్పడం, కారు నడపడం నా పని. మొదటి రెండూ నా గొప్ప కోసం చెప్పుకునేవి. ఆమె నన్ను వెంటపెట్టుకు తిరిగేది మూడోదాని కోసమే.

జరిగింది ఇది. ఈ ఆసుపత్రి ఐదో అంతస్తులో ఒక వంతెన ఇంజనీరు చికిత్స పొందుతోంది. కూలిపోయిన వంతెన గురించి వచ్చే వారం విచారణ సంఘం ముందు ఆమె సాక్ష్యం చెప్పాలి. నిన్న పొద్దున కంప్యూటర్లో ఆమె షుగర్ పరీక్ష ఫలితం ఉన్నట్టుండి ఆకాశానికి ఎక్కింది. డాక్టరు ఇన్సులిన్ రాశాడు. సూది పొడిచే ముందు నర్సు పద్ధతి ప్రకారం వేలి చివర చుక్క రక్తం తీసి చూస్తే షుగర్ మామూలుగానే ఉంది. ఆ ఇన్సులిన్ లోపలికి వెళ్ళివుంటే ఆ మనిషి దక్కేది కాదు. ఫలితాన్ని మార్చింది ల్యాబ్ సూపర్వైజర్ ఖాతా. అందుకే ఈ కుర్చీ, ఈ కేకలు.

వదిన ఆమె వైపు వంగింది. "తల్లీ, నిన్ను నేరం ఒప్పుకోమనడంలేదు నేను. నిన్న పదకొండింటికి ఎక్కడున్నావో చెప్పు, చాలు."

"రక్తం తీసే గదిలో మేడమ్. జనం కిటకిటలాడుతున్నారు. కూర్చోడానిక్కూడా తీరిక లేదు."

"ఫోనో?"

"కోటు జేబులో ఉంది. ఒకటే మోత. కాల్ కాదండీ. 'లాగిన్ అవుతున్నది మీరేనా?' అని అడుగుతుంది చూడండి, అది. కాదు అని కొట్టాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కాదన్నాను. ఈగ ముసిరినట్టు ముసిరింది మేడమ్, వదిలితేనా!"

"తర్వాత?"

ఆమె ఆఫీసరు వైపు ఒకసారి చూసి నోరు మూసుకుంది. వదిన అది గమనించింది.

"ఆఫీసరు గారూ, ఆ చూపు కాసేపు కిటికీ వైపు తిప్పుతారా? మీరు చూస్తుంటే నాకే చేయని తప్పు ఒప్పుకోవాలనిపిస్తోంది."

నేను నవ్వు ఆపుకోడానికి దగ్గాను. ఆయన మొహం గంటు పెట్టుకున్నా, నిజంగానే అటు తిరిగాడు.

"కంప్యూటర్ సెక్షన్ నుంచి ఫోన్ వచ్చింది మేడమ్," అంది సూపర్వైజర్ మెల్లగా. "మన ఆసుపత్రి లోపలి నంబరే. 'అక్కా, సర్వర్ మారుస్తున్నాం, అందుకే అలా వస్తోంది. ఒక్కసారి అవును కొట్టెయ్యండి, ఆగిపోతుంది' అన్నాడు. అక్కా అని పిలిచాడు మేడమ్. కొట్టేశాను."

"ఆగిందా?"

"ఠక్కున ఆగిపోయింది."

ఆఫీసరు గిరుక్కున తిరిగాడు. "ఈ సంగతి నిన్న ఎందుకు చెప్పలేదు?"

"పోయిన నెల భద్రత శిక్షణలో నేనే ఫస్ట్ సార్," అంది ఆమె. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. "కింది అంతస్తు నోటీసుబోర్డులో నా ఫొటో ఇంకా ఉంది. దాని పక్కనుంచి నడిచి వచ్చి మీకు ఏ మొహంతో చెప్పను?"

వదిన ఆమె చేతిమీద చెయ్యి వేసింది. "మొహం బాగానే ఉంది. తుడుచుకో. ఈమధ్య పాస్‌వర్డ్ గడువు అయిపోతోందని మెసేజ్ ఏదైనా వచ్చిందా?"

"పోయిన వారం వచ్చింది. నొక్కితే పేజీ తెరుచుకుంది. అచ్చం మన ఆసుపత్రి పేజీలాగే ఉంది."

"లాగే," అంది వదిన నన్ను చూస్తూ. "రాసుకో మరిదీ. నకిలీ పేజీలో పాస్‌వర్డ్ చిక్కింది. అది ఒక్కటే ఉంటే లోపలికి రాలేడు, ఫోన్లో అవునన్న మాట కూడా కావాలి. అందుకని విసిగించి, అక్కా అని పిలిచి, అదీ సంపాదించాడు. రెండు తాళాలూ గట్టివే. కాపలా ఉన్న మనిషిని అలసిపోయేలా చేసి తెరిపించుకున్నాడు. ఆ రద్దీలో నేనున్నా నొక్కేదాన్నేమో."

ఆ చివరి మాట వట్టి ఓదార్పు. మా వదిన నొక్కదు. అన్నయ్య పుట్టినరోజు శుభాకాంక్షలు పంపినా, పంపింది ఆయనేనా అని ఇంకో నంబరు నుంచి ఫోన్ చేసి కనుక్కున్న మనిషి ఆమె. కానీ ఆ అబద్ధం విని సూపర్వైజర్ నిటారుగా కూర్చుంది. మనిషి వెన్నెముకని మాటతో నిలబెట్టే విద్య ఏ కంప్యూటర్ పుస్తకంలోనూ ఉండదు.

"కథ బాగుంది మేడమ్," అన్నాడు ఆఫీసరు. "కానీ నా దగ్గర రికార్డుంది. లాగిన్ వచ్చింది ఆసుపత్రి లోపలి అడ్రస్ నుంచి. బయటి దొంగ ఎక్కడో కూర్చుని చేసిన పని కాదిది. లోపలి మనిషి. అంటే ఈవిడ."

"లోపలే, ఒప్పుకుంటా. లోపల ఏ యంత్రం?"

ఆయన కాగితం తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. "అది మావాళ్ళు చూస్తున్నారు."

"ఇక్కడి పెద్దాయన్ని అడిగితే ఇప్పుడే చెబుతారుగా," అని వదిన ఫోన్ తీసింది.

వచ్చినాయన ఆసుపత్రి కంప్యూటర్ విభాగానికి పెద్ద. అందరూ ఆయన్ని బ్యాకప్ బాబాయి అంటారు. సమాచారమంతా ఇంటర్నెట్లో దాచుకునే ఈ కాలంలోనూ, ఇంటికెళ్ళే ముందు రోజూ ఒక డిస్కు మీదికి మొత్తం ఎక్కించి, తీగ ఊడబీకి, ఇనపబీరువాలో పెట్టి తాళం వేస్తాడట. పిల్లాడికి దుప్పటి కప్పినట్టు చేస్తాడని నర్సులు నవ్వుకుంటారు.

ఆయన అడ్రస్ చూసి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "ఇది కింద రిపోర్టులిచ్చే కౌంటర్లో ప్రింటర్ అమ్మా."

"ప్రింటర్ కూడా లాగిన్ అవుతుందా వదినా?" అన్నాను.

"కాగితం ఇరుక్కోకుండా ఒక పేజీ బయటికి తోస్తే అదే పదివేలు. పద, చూద్దాం."

రిపోర్టుల కౌంటరు ముందు జనం బారులు తీరి ఉన్నారు. బాబాయి వాళ్ళని పక్క కిటికీకి పంపించాడు. వదిన మోకాళ్ళు పట్టుకుని, "అమ్మయ్యో" అనుకుంటూ నేలమీద కూర్చుని ప్రింటర్ వెనక్కి టార్చి కొట్టింది. నేనూ పక్కనే వంగాను.

గోడలోని సాకెట్ నుంచి వచ్చిన తీగ నేరుగా ప్రింటర్లోకి పోవాలి. పోలేదు. మధ్యలో అగ్గిపెట్టంత నల్లటి డబ్బా ఉంది. తీగ దాంట్లోకి దూరి, అక్కణ్ణించి ఇంకో పొట్టి తీగ ప్రింటర్లోకి వెళుతోంది. డబ్బా మీద ఒక స్టిక్కరు: 'తీయరాదు. కంప్యూటర్ సెక్షన్'.

"మా సెక్షన్ది కాదమ్మా ఇది," అన్నాడు బాబాయి గాభరాగా. "స్టిక్కర్లు అచ్చు వేయించమంటే వచ్చే ఏడు చూద్దామన్నారు మాతో."

"ప్రింటర్ వీపు మీద దుమ్ము చూశారా? వేలు పెడితే మునుగుతోంది," అంది వదిన. "డబ్బా మీద పల్చటి పొర తప్ప ఏమీ లేదు. వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. పోయిన వారం, ఆ నకిలీ మెసేజ్ వచ్చిన రోజుల్లోనే." ఆమె గొంతులో ఒకలాంటి మెప్పు వినిపించింది. "పనివాడురా వీడు! ప్రింటర్ పేరు, ప్రింటర్ నంబరు తనే తొడుక్కుని కూర్చున్నాడు. నెట్‌వర్క్ దృష్టిలో ఇక్కడున్నది పాత ప్రింటరే. దాన్నెవరు అనుమానిస్తారు? మీ లోపలి ఫోన్లు కూడా ఈ తీగల మీదేనా బాబాయి గారూ?"

"అన్నీ వీటి మీదే."

"అదీ సంగతి. వాడు ఎక్కడ కూర్చుని మాట్లాడినా, కాల్ ఈ డబ్బా లోంచి వస్తే లోపలి నంబరే కనిపిస్తుంది. 'అక్కా' అన్నవాడు ఈ భవనంలో ఉండనక్కర్లేదు."

ఆఫీసరు చటుక్కున వంగి డబ్బా మీద చెయ్యి వేశాడు. వదిన ఆ చేతిమీద ఒక్కటి వేసింది. అల్లరి పిల్లాడు పొయ్యి దగ్గరికి పోతే వేసే దెబ్బ అది.

"మేడమ్!"

"పీకకండి."

"సాక్ష్యం స్వాధీనం చేసుకునే అధికారం నాది."

"అధికారం మీదే, కాదనను. కరెంటు పోయిన మరుక్షణం దీని బుర్ర ఖాళీ. ఎవరితో మాట్లాడుతోంది, ఏ రహస్యపు తాళంతో మాట్లాడుతోంది, అదంతా నడుస్తున్నంతసేపే దీని జ్ఞాపకంలో ఉంటుంది. పీకారంటే మీ చేతిలో మిగిలేది ప్లాస్టిక్ ముక్క."

"ఈలోగా ఇంకొకరి రిపోర్టు మారిస్తే? ఎవరిది పూచీ?"

న్యాయమైన ప్రశ్నే. ఆయన మొండివాడు గానీ మందబుద్ధి కాదు. వదిన కూడా తల ఊపింది.

"దాన్ని ఇక్కడే ఉంచి, ఊరి నుంచి వెలివేద్దాం. బాబాయి గారూ, దీనికి తెలియకుండా మిగతా యంత్రాల నుంచి విడదీయగలరా?"

బాబాయి అప్పటికే ఆలోచిస్తున్నాడు. "ఈ సాకెట్ వెళ్ళేది నా గదిలో నెట్‌వర్క్ తీగలన్నీ కలిసే స్విచ్ లోకే. దీన్నొక్కదాన్నీ విడిగా కట్టేస్తాను. బయటికి పోయే దారి మాత్రం మీ ల్యాప్‌టాప్ మీదుగా తిప్పుతాను. పెరట్లోకి తోలిన ఆవులా ఉంటుంది. వీధిలోనే ఉన్నాననుకుంటుంది."

"మీకు దండం పెట్టాలి," అంది వదిన. మాట వరసకి అనలేదు, చేతులు కూడా జోడించింది.

నేను ఆఫీసరుతో మెల్లగా అన్నాను, "మాట్లాడే సాక్షిని మూగవాణ్ణి చేసి కోర్టుకి తెస్తే జడ్జి గారు నన్ను కాదు సార్, మిమ్మల్నే అడుగుతారు." ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రుద్దుకున్నాడు కూడా.

కౌంటరు వెనక అట్టపెట్టె మీద కూర్చుని వదిన ల్యాప్‌టాప్ తెరిచింది. డబ్బా పంపే ప్రతి మాటా దాని మీదుగా పోవడం మొదలైంది. అది నడుస్తుండగా ఆమె ఆఫీసరు చేతిలోని కాగితాలు అడిగి తీసుకుంది. రికార్డుల్లో ఎవరు ఏం మార్చినా కంప్యూటర్ తనంతట తను రాసుకునే చిట్టా అది. వేలు పెట్టి వరసగా చదువుతూ పోయి ఒకచోట ఆగింది.

"ఆఫీసరు గారూ, ఇంజనీరు షుగర్ మార్చిన లైను ఇది. పదకొండూ నలభై. దీని కింది లైను నంబరు చూడండి."

ఆయన చూశాడు. నేనూ చూశాను. ఎనిమిది తర్వాత పది ఉంది.

"తొమ్మిది ఏది?" అన్నాను.

"ఎవరో చెరిపేశారు. లైను తీసేశారు గానీ వరస కలపలేకపోయారు." ఆమె కాగితం ఒళ్ళో పెట్టుకుంది. "ఇప్పుడు చెప్పండి. ఒక లైనుని చెరపగలిగినవాడు, ఇంజనీరు లైనుని ఎందుకు చెరపలేదు?"

ఆఫీసరు ఆ కాగితం మీదికి మళ్ళీ వంగాడు.

"ఇంకోటి. ఇంత నేర్పున్నవాడికి ఇన్సులిన్ ఇచ్చేముందు నర్సు వేలు గుచ్చి చూస్తుందని తెలియదా? నా మరిదికే తెలుసు."

"తెలుసు," అన్నాను, నిజానికి ఆ రోజే తెలిసింది.

"దొరకాలనే మార్చాడు. ఒక పేరు మీ చేతిలో పెట్టాడు, ఒక మంచం చూపించాడు. మీ కాపలా అంతా ఐదో అంతస్తుకి ఎక్కింది. అసలు పని ఆ తొమ్మిదో లైనులో ఉంది. అది ఇంకో రోగిది. వేలు గుచ్చితే తేలని పరీక్ష అయ్యుంటుంది."

ఆఫీసరు మొహంలో రంగు మారింది. "ఈ ఆసుపత్రిలో ఉన్న రోగులందరివీ మళ్ళీ పరీక్షలు చేయించాలంటే సాయంత్రం అవుతుంది."

"అక్కర్లేదు. దొంగ చెయ్యగలిగేవి మూడు పనులు. మనది చూడగలడు, మనది మార్చగలడు, మనకే అందకుండా చెయ్యగలడు. లోకమంతా మొదటిదానికి జడుస్తుంది. మూడోది వస్తే గోల గోల అవుతుంది గనక వెంటనే తెలుస్తుంది. రెండోదే చప్పుడు చెయ్యదు." ఆమె లేచింది. "మీ బీరువాలో మొన్నటి డిస్కు ఉందా బాబాయి గారూ?"

ఆ మాటకు బాబాయి మొహం వెలిగిన తీరు చూడాలి. తాళంచెవుల గుత్తి తీసి ఆయన దాదాపు పరుగెత్తాడు.

ఆయన గదిలో డిస్కుకి తీగ తగిలించారు. ఆఫీసరు వదిన భుజం మీదుగా తొంగిచూస్తూ అడిగాడు, "రెండిటినీ పక్కపక్కన పెట్టి చదువుతారా? ఎన్ని వేలుంటాయో!"

"చదవను. వేలిముద్రలు తీస్తాను. ఒక్కో రికార్డునీ ఒక లెక్కలో వేసి రుబ్బితే చిన్న అంకెల వరస వస్తుంది. లోపల ఒక్క చుక్క మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. మొన్నటి డిస్కులో ఉన్న పాత రికార్డుల వేలిముద్రలు, ఈరోజు అవే రికార్డుల వేలిముద్రలు పోల్చి చూడ్డమే. కొత్తవి చేరొచ్చు. పాతవి మారకూడదు."

ఆమె వేళ్ళు మీటల మీద ఆడాయి. అదేం ఆర్భాటం లేని పని. తెర మీద అంకెలు జారాయి, ఆగాయి. రెండు లైన్లు ఎర్రగా మిగిలాయి. ఒకటి ఇంజనీరుది.

రెండోది కిడ్నీలో రాయి ఆపరేషన్‌కి వచ్చిన ఒక మగమనిషిది. మొన్న ల్యాబ్ యంత్రం చూపిన పొటాషియం ఐదున్నర దాటింది. నిన్నటి నుంచి అది రెండున్నర. వదిన సూపర్వైజర్‌ని పిలిపించింది. ఆమె తెర చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇంత తక్కువుంటే పొటాషియం ఎక్కించకుండా మత్తు ఇవ్వరు మేడమ్. కానీ ఈయనకి అసలే ఎక్కువుంది. ఇంకా ఎక్కిస్తే గుండె ఆగుతుంది."

"ఆపరేషన్ ఎప్పుడు?"

బాబాయి ఇంకో తెర చూశాడు. "లోపలికి తీసుకెళ్ళి పావుగంటయిందమ్మా."

ఆపరేషన్ గదిలో ఫోన్ మోగుతోంది, ఎవరూ ఎత్తడంలేదు. ఆఫీసరు లిఫ్టు వైపు, నేను మెట్ల వైపు పరుగెత్తాం. నా శరీరం పరుగు కోసం పుట్టింది కాదు. నాలుగో అంతస్తు చేరేసరికి నా గుండె నాకే వినిపిస్తోంది. తలుపు తోసి, "పొటాషియం... ఆపండి!" అని అరిచాను.

మత్తు డాక్టరమ్మ వెనుదిరిగి చూసింది. ఆమె చెయ్యి అప్పటికే సెలైన్ గొట్టం మీద ఉంది.

"అరవకండి, ఆపాను. మానిటర్లో గీత చూస్తే పొటాషియం తక్కువున్న మనిషి గుండెలా లేదు. రిపోర్టు ఒకటి చెబుతోంది, గుండె ఇంకోటి చెబుతోంది. నేను గుండెనే నమ్ముతాను. కొత్తగా రక్తం తీయించాను." ఆమె గది మూలనున్న చిన్న యంత్రం చూపించింది. "ఆరు. మీకెలా తెలిసింది?"

నేను ఆయాసంతో గోడకి ఆనుకుని కిందికి జారాను. లిఫ్టు దిగి వచ్చిన ఆఫీసరు, మంచం మీదున్న మనిషి మొహం చూసి అక్కడే నిలబడిపోయాడు. బయటికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు.

ఆపరేషన్ వాయిదా వేసి, ఆ మనిషిని మందులిచ్చి పక్కనే కోలుకునే గదిలోకి మార్చారు. మేం తిరిగి వచ్చేసరికి వదిన ల్యాప్‌టాప్ ముందు కదలకుండా కూర్చుని ఉంది.

"బతికాడా?"

"బతికాడు," అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. అంత పని చేస్తూ కూడా అప్పటిదాకా ఊపిరి బిగబట్టే ఉందని అప్పుడు తెలిసింది నాకు.

ఆఫీసరు ఆమె ఎదురుగా కూర్చున్నాడు. పొద్దుటి దర్పమేమీ లేదు. "మేడమ్, ఆయన పేరు ఇక్కడ రాసింది నిజం పేరు కాదు. వంతెన ఎందుకు కూలిందో ఇంజనీరు చెబుతుంది. ఎవరు కూలనిచ్చారో చెప్పగలిగేది ఆయన ఒక్కడే. నాసిరకం ఇనుమని పరీక్షలో తేల్చి చెప్పినా వినకుండా వాడమన్నవాళ్ళ మాటలు ఆయన ఫోన్లో ఉన్నాయి. రహస్యంగా దాచాం. నొప్పి తట్టుకోలేకపోతే మారుపేరుతో చేర్పించాం."

"ఆ మారుపేరు ఎంతమందికి తెలుసు?"

"అది తర్వాత. ముందు డబ్బా ఎవరితో మాట్లాడుతోందో చెప్పండి."

"దానికీ దీనికీ ఒకటే జవాబేమోనని భయంగా ఉంది నాకు," అంది వదిన. ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. "ఈ ఆసుపత్రి ఫైర్‌వాల్ కట్టుదిట్టమైంది. బాబాయి గారు కట్టిన గోడ కదా! బయట ఏ కొత్త చిరునామాకీ మాట పోనివ్వదు. పోయిన వారం కొత్తగా అనుమతించింది ఒక్కదాన్నే. డబ్బా మాట్లాడుతున్నది ఆ చిరునామాతోనే."

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇది మా ఆఫీసు."

"మీ ఆఫీసే. సాక్షి ఇక్కడ చేరినప్పుడు మీవాళ్ళు తెరిపించుకున్న దారి."

ఆయన కోపంతో లేస్తాడనుకున్నాను. లేవలేదు. జేబులోంచి తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, వదిన వైపు జరిపాడు.

"ముగ్గురికే తెలుసు మేడమ్. అందులో మొదటివాణ్ణి నేను. నాతోనే మొదలుపెట్టండి. పాస్‌వర్డ్ చెబుతాను."

పొద్దుటి నుంచి ఆయన మీద నాకున్న చిరాకంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది. వదిన ఫోన్ ముట్టుకోలేదు. ఆయన్ని చూసే చూపు మాత్రం మారింది.

"రెండోవారు?"

"మా పెద్దాయన. నెల్లాళ్ళుగా మంచం మీదున్నారు, ఇల్లు కదల్లేదు."

"మూడోవారు?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నా డిప్యూటీ," అన్నాడు. "ఇంజనీరు గది దగ్గర కాపలా పెట్టాను. ఇందాక ఫోన్ చేసి... ఈ రెండో సాక్షి మంచం పక్కకి పంపింది వాణ్ణే."

ఈసారి వదిన కూడా పరుగెత్తింది, మోకాళ్ళ సంగతి మర్చిపోయి. కోలుకునే గది ముందు మత్తు డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు నిలబడి ఉన్నారు.

"మీవాళ్ళే కదా, పోలీసు విచారణ అని మమ్మల్ని బయటికి పంపారు," అంది ఆమె అయోమయంగా.

ఆఫీసరు తలుపు గుంజాడు. కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపు అది. డాక్టరమ్మ కార్డు పెడితే ఎర్రదీపం వెలిగింది. నర్సు కార్డుకీ అంతే. ఆయన భుజంతో గుద్దాడు, తలుపు చలించలేదు.

వదిన ఫోన్లో బాబాయిని పట్టుకుంది. "కోలుకునే గది తలుపు మీ చేతిలో ఉందా?"

"కార్డులన్నిటి అనుమతీ తీసేశారమ్మా ఎవరో! నిమిషం కిందటే!"

"కార్డులొద్దు. మంటలొస్తే తలుపులన్నీ తెరుచుకోవాలి కదా?"

అవతల ఆయన కుర్చీ జరిగిన చప్పుడైంది. "అమ్మా, నువ్వు..." అని ఏదో అనబోయి ఆపేశాడు. అంతలో ఆసుపత్రి అంతటా గంటలు మోగాయి. తలుపు మీద పచ్చదీపం వెలిగింది.

ఆఫీసరు ముందు దూరాడు. నేను వెనకే. మంచం పక్కన నిలబడ్డ సన్నటి మనిషి చేతిలో సిరంజి ఉంది. సూది సెలైన్ గొట్టానికి బెత్తెడు దూరంలో ఉంది. ఆఫీసరు ఆ మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. సిరంజి కిందపడి నా బూటు దగ్గరికి దొర్లింది. డాక్టరమ్మ పరుగున వచ్చి రోగి నాడి పట్టుకుని, "ఉంది, బాగానే ఉంది," అంది.

"ఎందుకురా?" అన్నాడు ఆఫీసరు. అది అధికారి గొంతు కాదు. కలిసి తిండి తిన్న మనిషి గొంతు.

డిప్యూటీ ఆయన భుజం మీదుగా వదినని చూస్తున్నాడు, ఆటలో ఎదుటివాణ్ణి మెచ్చుకునేవాడిలా.

"తొమ్మిదో లైను పట్టుకున్నది మీరేనా మేడమ్?"

"నేనే."

"వరస కలిపే టైం లేదు నాకు. లేకపోతే దొరికేవాణ్ణి కాదు." సంకెళ్ళు పడుతుంటే కూడా అతని మొహంలో నవ్వు చెదరలేదు. "ప్రింటర్ వెనక డబ్బా కూడా మీరే కనిపెట్టారటగా."

"అవును."

"ఒక్కటే దొరికిందా?"